అరుదైన పిట్ట అంటే ఏది?

(జనవరి నీటిపక్షుల లెక్కింపుకు ముందురోజు సాయంత్రం వాలంటీర్లతో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

రేపు తెల్లవారుజామున తిప్పల మీదికి, మడల్లోకి వెళ్తున్న మీ అందరి మనసులో ఒక ఆశ ఉంటుందని నాకు తెలుసు. మన తీరంలో ఇంతవరకూ ఎవరూ చూడని పిట్ట నా కంటికే పడాలి అని. తప్పేం లేదు. బైనాక్యులర్ మెడలో వేసుకున్న ప్రతివాళ్ళకీ ఆ ఆశ ఉంటుంది, నాకు ఇప్పటికీ ఉంది. కానీ ఆ ‘అరుదు’ అనే మాట దగ్గరే ఈ సాయంత్రం కాసేపు ఆగుదామనుకుంటున్నాను. ఆ ఒక్క మాట కింద మనం రెండు వేరువేరు సంగతులను కలిపేస్తున్నాం.

చలికాలం రాగానే పేపర్లో ‘అరుదైన పక్షి’ అని ఒక ఫోటో వస్తుంది. చాలాసార్లు అది దారి తప్పి వచ్చిన పక్షి. దాని జాతి ఇంకెక్కడో లక్షల్లో ఉంటుంది, మన దగ్గర మాత్రం ఒక్కటి వాలింది. ఇంకో రకం ఉంది. ప్రపంచం మొత్తంలోనే తగ్గిపోతూ, మన ఇసుకతిప్ప మీదికి మాత్రం ఏటేటా వచ్చేది. దానికి ఫోటో పడదు. ఏటా వచ్చేదానిలో వార్తేముంది అనుకుంటాం. నాకు బాధ కలిగించేది ఇదే.

కాకినాడ తీరాన్నే తీసుకోండి. గోదావరి మోసుకొచ్చిన ఇసుక, ఒండ్రు మేటవేసి రెండు వందల ఏళ్ళలో హోప్ ఐలాండ్ అనే పొడవాటి తిప్ప తయారైంది. అది సముద్రపు అలలకి అడ్డుగా నిలబడటం వల్ల లోపలివైపు నీళ్ళు నిలకడగా ఉంటాయి. ఇవతల కోరంగి మడ అడవి, 1978 నుంచి అభయారణ్యం. పాటు సమయంలో బయటపడే ఆ బురద నేలలో పురుగులు, నత్తలు, చిన్న పీతలు పుష్కలం. వలస వచ్చే ఉల్లంకులకి, అంటే బురదలో ఏరుకుతినే తీరపు పిట్టలకి, ఇంతకన్నా ఏం కావాలి?

ఆ తిప్పల మీదే ఇండియన్ స్కిమ్మర్ కనపడుతుంది. చూడనివాళ్ళకి ఒక్క నిమిషం చెప్తాను. పైన నలుపు, కింద తెలుపు, నారింజ రంగు ముక్కు. ఆ ముక్కులో కింది దవడ పై దవడకన్నా బాగా పొడుగు. దూరం నుంచి చూస్తే పై దవడ విరిగిపోయిందేమో అనిపిస్తుంది. నీటికి బెత్తెడు ఎత్తులో ఎగురుతూ నోరు తెరిచి, కింది దవడను నీళ్ళలో ఉంచి గీసుకుంటూ పోతుంది. వెనకాల నీటిమీద సన్నటి గీత పడుతుంది. చేప తగలగానే తల కిందికి వంగుతుంది, పై దవడ టక్కున మూసుకుంటుంది. ఇదంతా రెక్క తడవకుండానే. గుడ్లు పెట్టేది ఎండాకాలంలో చంబల్, మహానది లాంటి నదుల ఇసుక దిబ్బల మీద. చలికాలంలో కొన్ని మన దగ్గరికి వస్తాయి. ప్రపంచంలో వీటి మొత్తం లెక్క మూడు వేల దగ్గర ఉంటుందని అంచనా. 2020లో వీటిని అంతరించే ప్రమాదం ఉన్న జాతుల జాబితాలోకి ఎక్కించారు. అందుకే మన తిప్ప మీద వంద కనపడితే, అది మన లెక్కల పుస్తకంలో వంద మాత్రమే కాదు.

నేను మొదటిసారి ఆ గుంపును చూసిన రోజు పోటు బాగా ఉంది. నీళ్ళు పెరిగి తిప్ప చిన్న చాపంత మిగిలింది, దాని మీద పిట్టలన్నీ ఒకదాన్నొకటి ఆనుకుని గాలికి ఎదురుగా నిలబడి ఉన్నాయి. ఫోటో కోసం ఇంకొంచెం ముందుకు పోనిమ్మన్నాను. పడవ నడిపే పెద్దాయన ఒకసారి చెప్పి చూశాడు, నేను వినలేదు. గుంపంతా లేచింది. గాల్లో చాలాసేపు తిరిగింది, దిగడానికి చోటు లేదు. అప్పుడాయన మెల్లగా అన్నాడు: “పోటు దిగేదాకా ఆగుంటే అయ్యే మన వైపుకి వచ్చేవండి. ఇప్పుడు లేపేస్తే కూకోడానికి ఇంకో చోటు లేదండి వాటికి.” ఆ ఫోటో ఇప్పటికీ నా దగ్గరుంది. ఎవరికీ చూపించను. అంత దూరం నుంచి వచ్చే పిట్టకి ఒంట్లో కొవ్వే పెట్రోలు. మనం అనవసరంగా లేపిన ప్రతిసారీ అది కొంత ఖర్చవుతుంది.

గ్రేట్ నాట్ సంగతి ఇంకా పెద్దది. చూపుకి ఏ ప్రత్యేకతా లేని బూడిద రంగు పిట్ట, బురదలో మిగతా ఉల్లంకుల మధ్య కలిసిపోతుంది. గుడ్లు పెట్టేది ఈశాన్య సైబీరియా కొండల్లో. ఈ జాతిలో చాలా భాగం చైనా, కొరియాల మధ్య ఉన్న పసుపు సముద్రపు బురద మైదానాల్లో ఆగి, తిని, మళ్ళీ ప్రయాణం కడుతుంది. దక్షిణ కొరియాలో సేమాంగం అనే చోట 2006లో 33 కిలోమీటర్ల సముద్రపు గోడ పూర్తయింది, బురద మైదానానికి సముద్రం తెగిపోయింది. అక్కడ ఆగే గ్రేట్ నాట్లు దిక్కులేనివయ్యాయి. 2015లో ఇదీ ప్రమాద జాబితాకెక్కింది. కాకినాడ తీరంలో ఇది చలికాలంలో దిగుతుంది. ఎక్కడో గోడ కడితే ఇక్కడి మన లెక్కలో తేడా రావచ్చు. ఆ తేడా మనకి తెలియాలంటే మామూలు ఏళ్ళ లెక్క మన చేతిలో ఉండాలి కదా.

ఇప్పుడు దారి తప్పినవాటి దగ్గరికి వద్దాం. వాటిని తక్కువ చేసి మాట్లాడటం నా ఉద్దేశం కాదు. మన తీరానికి అవి రావడానికి పెద్ద కారణం అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లు. ఫ్రిగేట్ పక్షి, సూటీ టెర్న్, నోడీ లాంటి పిట్టలు నడి సముద్రంలో బతికేవి. తుపాను సుడిలో చిక్కుకుంటే ఒడ్డుకి, ఒక్కోసారి ఊళ్ళోకి కొట్టుకొస్తాయి. 2014 అక్టోబరు 12న విశాఖను కుదిపేసిన తుపానుకి పెట్టిన పేరే ఒక పిట్టది. హుద్‌హుద్ అంటే అరబీలో, తల మీద విసనకర్రలా విచ్చుకునే తురాయి ఉన్న హూపో. ఆ పేరు ఇచ్చింది ఒమాన్.

తుపాను వెలిసిన రెండు మూడు రోజుల్లో ఒడ్డున నడిచే అవకాశం మీకుంటే నడవండి, తెగిన కరెంటు తీగలు చూసుకుని. కాళ్ళు నిలవని సముద్రపు పక్షి కనపడితే చేపముక్కలు నోట్లో కుక్కకండి, నీళ్ళు పట్టకండి. అట్టపెట్టెలో గాలి ఆడేలా, చీకటిగా, చప్పుడు లేని చోట ఉంచి అటవీశాఖకి ఫోన్ చేయండి. తుపాను లేకుండా దారి తప్పేవాటిలో ఎక్కువ ఆ ఏడాది పుట్టిన పిల్లలే. మొదటి ప్రయాణం, దిక్కు తెలిసీ తెలియని వయసు.

ఇంకో సంగతి. అరుదు అనుకునేవాటిలో కొన్ని మనం తల ఎత్తకపోవడం వల్లే అరుదు. 2013 నవంబరులో నాగాలాండ్‌లో మూడు అమూర్ ఫాల్కన్లకి శాటిలైట్ ట్యాగులు కట్టి వదిలారు. అవి బంగాళాఖాతం మీదుగా వచ్చి, మన రాష్ట్రం మీంచి దక్కన్ దాటి, అరేబియా సముద్రం మీదుగా ఆఫ్రికాకి పోయాయి. అరచేతిలో ఇమిడేంత డేగ అది. నవంబరులో మేడ మీద బట్టలారేసేటప్పుడు ఒకసారి పైకి చూడండి.

దీనికి ఉల్టా కూడా ఉంది. శ్రీకాకుళం జిల్లా తేలినీలాపురంలో గూడబాతులు, ఎర్రకాళ్ళ కొంగలు చింతచెట్ల మీద గూళ్ళు కడతాయి. ఊరివాళ్ళు వాటిని పురిటికి వచ్చిన ఆడపడుచుల్లా చూసుకుంటారు. అంత ప్రేమ చూస్తే నాకు కళ్ళు చెమర్చుతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఆ చెట్లు దెబ్బతింటే ఊరు ఊరంతా దిగులుపడింది. అయితే అందరూ వాటిని ‘సైబీరియా పక్షులు’ అంటారు. కాదు. ఈ రెండూ మన దేశంలోనే పుట్టి, మన దేశంలోనే నీళ్ళను బట్టి తిరిగేవి. పైగా అవి అక్కడ గుడ్లు పెడుతున్నాయి. చలికాలానికి వచ్చే సైబీరియా పక్షి ఇక్కడ గూడు కట్టదు, ఎండలు ముదరకముందే పుట్టిన చోటికి పోయి కడుతుంది. ఇది ఎందుకు చెప్తున్నానంటే, చెరువు ఎండిపోతే ‘పోనీలే, సైబీరియా వెళ్ళిపోయి ఉంటాయి’ అనుకుంటాం. వాటికి సైబీరియా లేదు. మన చెరువులే ఉన్నాయి.

పులికాట్ వెళ్ళేవాళ్ళకి ఒక చిన్న పని. సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది, ఫ్లెమింగోలు రోడ్డుకి బాగా దగ్గరగానే మేస్తుంటాయి. వెయ్యి ఉన్నాయని రాసి బండెక్కేయకండి. స్కోప్ (స్టాండు మీద నిలబెట్టే దుర్బీను) పెట్టి ఒక్కొక్క ముక్కూ చూడండి. పెద్ద ఫ్లెమింగో ముక్కు లేత గులాబీ, చివర మాత్రం నలుపు. ఆ గుంపులో కాస్త పొట్టిగా, ముక్కు మొత్తం ముదురు ఎరుపుతో నల్లగా కనపడే పిట్ట ఉంటే అది చిన్న ఫ్లెమింగో. పులికాట్‌లో అది తక్కువ. నీటి లోతు కూడా రాయండి, కనీసం పిట్ట మోకాలి దాకానా పొట్ట దాకానా అని. వానలెక్కువై లోతు పెరిగినా, సముద్రపు ముఖద్వారం పూడుకుపోయి నీళ్ళు రాకపోయినా ఫ్లెమింగోలు చోటు మారుస్తాయి.

కొల్లేరు జట్టుకి పెద్దగా చెప్పేది లేదు. మీకు నాకన్నా బాగా తెలుసు. 1999లో ప్లస్ 5 కాంటూరు, అంటే సముద్రమట్టానికి అయిదడుగుల ఎత్తు గీత, లోపల 308 చదరపు కిలోమీటర్లు అభయారణ్యం అయింది, 2002లో అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడినేలగా రామ్‌సర్ గుర్తింపు వచ్చింది. లోతైన చేపల చెరువులో గూడబాతు బతుకుతుంది కానీ ఉల్లంకికి కాలు ఆనదు. అందుకని లోతు తక్కువ ఉన్న అంచులు వదలకండి.

రాసేటప్పుడు ఏం రాయాలో అడిగారు. తేదీ, టైము, చోటు, ఎన్ని, ఎంత దూరం నుంచి, వెలుతురు ఎటువైపు, మీరు నిజంగా చూసిన గుర్తులు. కాళ్ళ రంగు కనపడకపోతే కనపడలేదని రాయండి. పుస్తకంలో చూసి నింపకండి. పేరు తేలకపోతే ‘ఉల్లంకి, పేరు తెలియదు’ అని రాయడానికి మొహమాటం వద్దు. పోటీపడి రాసిన తప్పుడు పేరు ముందు ముందు ఎన్నో లెక్కలను పాడుచేస్తుంది. ఏమీ లేని చోట సున్నా రాయండి. సున్నా కూడా లెక్కే. కాలికి రింగు గానీ రంగు జెండా గానీ కనపడితే ఏ కాలికి, మోకాలికి పైనా కిందా, ఏ రంగు, ఏ అక్షరాలు, ఇవన్నీ రాయాలి. ఏ దేశంలో కట్టారో ఆ రంగుల వరసే చెప్తుంది.

మత్స్యకారుల్ని అడగండి, వాళ్ళు చెప్పే పేర్లు ఉన్నవి ఉన్నట్టే రాసుకోండి. కలివికోడి అనే పిట్ట సంగతి వినే ఉంటారు. నెల్లూరులో డాక్టరుగా పనిచేసిన జెర్డాన్ పందొమ్మిదో శతాబ్దంలో దాన్ని లోకానికి చెప్పాడు. 1900 తరవాత ఎవరికీ కనపడక, లేదనుకున్నారు. 1986 జనవరిలో కడప జిల్లాలో ఒక స్థానిక వేటగాడు రాత్రిపూట టార్చి వెలుగులో చేత్తో పట్టి తెచ్చాడు. శాస్త్రవేత్తలకి ఎనభై ఆరేళ్ళు కనపడని పిట్ట, ఆ ఊళ్ళకి పేరుతో సహా తెలుసు.

చివరగా ఒకటి చెప్పి ఆపేస్తాను. సన్న ముక్కు కర్ల్యూ అని ఒక తీరపు పిట్ట ఉండేది. సైబీరియాలో పుట్టి, మధ్యధరా తీరాల్లో చలికాలం గడిపేది. 1995లో మొరాకో తీరంలో ఒక ఉప్పునీటి మడుగు దగ్గర చివరిసారి అందరూ ఒప్పుకున్న దృశ్యం నమోదైంది. ఆ తరవాత ఎందరో ఎన్నో దేశాల్లో వెతికారు. 2025లో అంతరించిందని అధికారికంగా ప్రకటించారు. 1995లో ఆ పిట్టను చూస్తున్నవాళ్ళకి, ఇదే చివరిది అని తెలియదు. నేను స్కిమ్మర్ల గుంపును లెక్కపెట్టేటప్పుడల్లా నాకు వాళ్ళు గుర్తొస్తారు.

సరే, రేపటి ఏర్పాట్లు. తిప్ప వైపు వెళ్ళే జట్టు అయిదింటికల్లా జెట్టీ దగ్గర ఉండాలి. చీకట్లోనే బయల్దేరితే పోటు ఎక్కకముందే చేరి, ఒకచోట కూర్చుని ఉండొచ్చు. పిట్టలే మన వైపుకి వస్తాయి. తెల్లచొక్కాలు వద్దు. పడవ పెద్దాయన ఆపమంటే ఆపాలి, ఆ విషయంలో నా మాట కన్నా ఆయన మాటే ముందు.