ఫిజిక్స్ డిగ్రీకి ఏ సంస్థ? పేరు కాదు, టైంటేబుల్ చూడండి

ఎంపీసీ విద్యార్థులకూ, వెంట వచ్చిన తల్లిదండ్రులకూ నమస్కారం.

బెంగళూరు ఐఐఎస్సీ (భారతీయ విజ్ఞాన సంస్థ), ఏడు ఐసర్లు (కేంద్రం నడిపే సైన్సు విద్య, పరిశోధన సంస్థలు), అలాంటిదే భువనేశ్వర్ నైసర్, ఐఐటీలు, చెన్నై సీఎంఐ (చెన్నై గణిత సంస్థ). వీటిలో ఏది గొప్పదని వాదన మొదలుపెడితే తెల్లారినా తెమలదు. ఎవరైనా అడగాల్సింది ఒకటే: నికరంగా ఫిజిక్స్ ఎప్పుడు మొదలవుతుంది, ఈలోపు ఇంకేం చదవాలి?

ఐఐఎస్సీ నాలుగేళ్ల బీఎస్‌లో తొలి సెమిస్టర్లలో కెమిస్ట్రీ, బయాలజీ, కొంత ఇంజినీరింగ్ కూడా తప్పవు. చివరి ఏడాది పరిశోధన ప్రాజెక్టు ఉంటుంది. ఐసర్ల ఐదేళ్ల బీఎస్-ఎంఎస్‌లోనూ మొదట నాలుగు సైన్సులూ చదవాలి. ఫిజిక్స్ కోసమే వెళ్లి, మొదటి ఏడాది బయాలజీ ల్యాబ్‌లో డీలాపడేవాళ్లు ఉంటారు. అలాగని అది వృథా కాదు. బయోఫిజిక్స్ వైపు మళ్లేవాళ్లకు అక్కడే బీజం పడుతుంది.

ఇతర సైన్సుల ఈ బరువు ప్రవేశ పరీక్షలోనే కనిపిస్తుంది. ఐసర్ల ప్రవేశ పరీక్ష ఐఏటీలో 60 ప్రశ్నలు, 240 మార్కులు. అందులో పావు వంతు, అంటే 60 మార్కులు, బయాలజీవే. తప్పుకు ఒక మార్కు కోత, కాబట్టి గుడ్డిగా గీకొద్దు. ఎన్‌సీఈఆర్‌టీలో కణం, జన్యుశాస్త్రం అధ్యాయాలు చదివితే కొన్నైనా చేతికొస్తాయి. నైసర్ ప్రవేశ పరీక్ష నెస్ట్‌లో నాలుగు విభాగాల్లో (ఫిజిక్స్, కెమిస్ట్రీ, గణితం, బయాలజీ) ఉత్తమమైన మూడే లెక్క. ఎంపీసీ వాళ్లకు ఇది నేరుగా కలిసొచ్చేది, అయినా మనవాళ్లలో చాలామంది దరఖాస్తే పెట్టరు.

సీఎంఐ దారి వేరు. పరీక్ష గణితమే, డిగ్రీ మూడేళ్ల మ్యాథ్స్-ఫిజిక్స్ ఆనర్స్. నిరూపణలు రాయడం ఇష్టమైతే అంతకన్నా మంచి చోటు దొరకదు. ప్రయోగాల మీద మోజుంటే వద్దు.

ఇక ఐఐటీ. ఇంజినీరింగ్ ఫిజిక్స్ బీటెక్‌లో ఎలక్ట్రానిక్స్ పాలు ఎక్కువ. సెమీకండక్టర్లు, పరికరాల వైపు వెళ్లాలనుకుంటే బాగా పనికొస్తుంది. "ముందు చేరి, తర్వాత సీఎస్‌ఈకి మారదాం" అన్న లెక్కే బెడిసికొడుతుంది. కొన్ని ఐఐటీలు బ్రాంచి మార్పునే ఎత్తేశాయి. కేంద్రం ఇచ్చే ఏటా 80,000 రూపాయల ఇన్‌స్పైర్ స్కాలర్‌షిప్ కూడా ప్రాథమిక శాస్త్రాల డిగ్రీలకే, బీటెక్‌కు రాదు.

రెండు సీట్లు చేతిలో ఉంటే రెండు సంస్థల కోర్సుల పట్టికలూ పక్కపక్కన పెట్టండి. ఐఐఎస్సీ పట్టికలో కోర్సు పక్కన 2:1 అని ఉంటుంది: రెండు క్రెడిట్లు పాఠానికి, ఒకటి ల్యాబ్‌కి. ఇలా మూడో ఏడాది ల్యాబ్ క్రెడిట్లు కూడండి. క్వాంటమ్ మెకానిక్స్ ఒక కోర్సా, రెండా? స్టాటిస్టికల్ మెకానిక్స్ తప్పనిసరా, ఐచ్ఛికమా?

పట్టికలో ఉన్నవన్నీ ప్రతి ఏడూ చెప్పరు, మోసపోయేది ఇక్కడే. సాధారణ సాపేక్షత ఉందని మురిసిపోయి చేరితే, చెప్పే ఆచార్యుడు సెలవులో ఉండి రెండేళ్లు ఆ కోర్సే నడవకపోవచ్చు. అందుకని గత రెండు సెమిస్టర్ల టైంటేబుల్ సంపాదించండి. అక్కడి మూడో ఏడాది విద్యార్థుల్లో ఒకరిని పట్టుకుని, ల్యాబ్‌లో ఒక పరికరానికి ఎంతమంది, రిపోర్టులో కొలతల దోషాల లెక్క (ఎర్రర్ అనాలిసిస్) అడుగుతారా, కనుక్కోండి. నలుగురైదుగురు ఒకే పరికరం చుట్టూ నిలబడితే, రీడింగ్ తీసేది ఒక్కడే, మిగతావాళ్లు కాపీ కొడతారు.