మా బజ్జిగాడి వంటింటి దొంగతనాలు: కొన్నవాటిలో ఏది పనిచేసింది, ఏది దండగ

నమస్కారం అండి. ముందు ఈ పళ్లెం చూడండి. వరలక్ష్మీ వ్రతానికి హిందూపురం నుంచి వచ్చిన మా అత్తగారు పొద్దున్నే లేచి, మడి కట్టుకుని, పన్నెండు ఓళిగలు (బొబ్బట్లు) చేసి ఇందులోనే పెట్టారు. పైన పల్చటి గుడ్డ కప్పారు. నేను గుమ్మం దగ్గర పక్క ఫ్లాటు ఆవిడతో రెండు నిమిషాలు మాట్లాడి వచ్చేసరికి గుడ్డ నేల మీద ఉంది, పళ్లెం గట్టు అంచుకొచ్చింది, అందులో ఒక్కటంటే ఒక్క ఓళిగ మిగిలింది. అమ్మవారికి ఇంకా నైవేద్యం కూడా పెట్టలేదు. మా లాబ్రడార్ కుక్క బజ్జిగాడి మూతి నిండా నెయ్యి.

మాది బెంగళూరులో కె.ఆర్. పురం దగ్గర రెండు బెడ్‌రూముల ఫ్లాటు. వంటగదికి తలుపు లేదు. గట్టు ఎత్తు మూడడుగులు కూడా ఉండదు, లాబ్రడార్ వెనక కాళ్ల మీద లేస్తే గడ్డం దాని మీదే ఆనుతుంది. వీడు పళ్లెం జోలికి పోడు, ముందు గుడ్డ అంచు పట్టుకుని లాగుతాడు. గుడ్డతో పాటు పళ్లెం వస్తుంది. అది కనిపెట్టడానికి వాడికి ఒక్కరోజు పట్టింది, నాకు అర్థం కావడానికి ఆరు నెలలు పట్టింది.

ఈ ఆరు నెలల్లో ఐదు వస్తువులు కొన్నాను. అన్నీ సొంత డబ్బే, ఎవరూ ఉచితంగా పంపలేదు. అందుకే కంపెనీల పేర్లు చెప్పను, రకం చెప్తాను.

మొదటిది చేదు స్ప్రే. దండగ. ఇది కుర్చీ కాళ్లు, చెప్పులు కొరక్కుండా చల్లేది. తిండి దొంగతనానికి ఎలా వాడతారండీ? ఓళిగల మీద చల్లలేం కదా. గట్టు అంచున చల్లాను. వాడు ఒకసారి నాకి, తుమ్మి, పక్క నుంచి ఎక్కాడు. మర్నాడు నేను అక్కడే చపాతీ పిండి కలిపాను. ఆ రోజు చపాతీలు ఎవరూ తినలేకపోయాం.

రెండోది, కదలిక కనిపెట్టి బుస్సుమని గాలి కొట్టే డబ్బా. మొదటి రోజు అద్భుతం. వాడు మంచం కిందికి దూరి గంటసేపు రాలేదు. నాకైతే పాపం అనిపించింది. మూడో రోజుకి డబ్బా కన్ను ఎటు తిరిగి ఉందో చూసుకుని అవతలి వైపు నుంచి వస్తున్నాడు. పైగా నేను టీ పెట్టుకోవడానికి వెళ్లినా కొడుతుంది. భయపెట్టే వస్తువులతో చిక్కు ఇదే. ‘తిండి తీయకూడదు’ అని నేర్చుకోరు, ‘ఆ డబ్బా ఉన్నప్పుడు తీయకూడదు’ అని నేర్చుకుంటారు. కాలికి కరెంటు షాక్ ఇచ్చే చాపలు కూడా అమ్ముతున్నారు. అవి నేను కొనలేదు, కొనను.

ఇక్కడ కొంచెం ఆగుతాను, ఎందుకంటే ఆ రోజు మా అత్తగారు ఒక మాట అన్నారు. "వాడికి తెలుసమ్మా తప్పు చేశానని, మొహం చూడు ఎలా పెట్టాడో." చెవులు వెనక్కి, చూపు పక్కకి, తోక కిందికి. నేనూ అదే అనుకునేదాన్ని. 2009లో అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే పరిశోధకురాలు దీని మీదే ఒక ప్రయోగం చేశారు. కుక్క నిజంగా తిన్నా తినకపోయినా, యజమాని తిట్టినప్పుడే ఆ మొహం ఎక్కువ కనిపించింది. అంటే ఆ మొహం తప్పు తెలిసి పెట్టింది కాదు, మన తిట్లకి స్పందన. తిన్న పావుగంట తర్వాత తిడితే, దేనికి తిడుతున్నామో వాడికి తెలియదు. ఓళిగ మాత్రం తియ్యగా ఉందని గుర్తుంటుంది. పది సార్లలో ఒక్కసారి దొరికినా చాలు, లాటరీ టికెట్టు కొనేవాళ్లలాగా మళ్లీ మళ్లీ వస్తాడు.

లాబ్రడార్ పెంచేవాళ్లు ఇంకొకటి కూడా వినాలి. 2016లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీ వాళ్లు లాబ్రడార్లలో ఆకలిని అదుపు చేయడంలో పాత్ర ఉన్న పీఓఎంసీ అనే జన్యువులో ఒక ముక్క లేకపోవడం కనిపెట్టారు. దాదాపు నాలుగింట ఒక లాబ్రడార్‌లో ఈ తేడా ఉంటుంది. 2024లో అదే యూనివర్సిటీ వాళ్లు సాసేజ్‌ని కనిపించేలా, వాసన వచ్చేలా పెట్టెలో పెట్టి చూపించారు. ఆ తేడా ఉన్న కుక్కలు దాని కోసం మిగతావాటి కంటే చాలా ఎక్కువ తంటాలు పడ్డాయి. పైగా ఊరికే ఉన్నప్పుడు వాటి ఒంట్లో ఖర్చయ్యే శక్తి దాదాపు 25 శాతం తక్కువట. వీడికి పరీక్ష చేయించలేదు కానీ, అది చదివాక వీణ్ణి ‘తిండిపోతు వెధవ’ అని తిట్టడం తగ్గించాను. పూర్తిగా మానలేదు లెండి.

మూడోది ఇదిగో, గేటు. చిన్నపిల్లలకి పెట్టేదే. దాదాపు మూడు వేలు అయింది. డ్రిల్లింగ్ అక్కర్లేదు, రెండు వైపులా స్క్రూలు తిప్పి గోడకి బిగించడమే, అద్దె ఇళ్లవాళ్లకి హాయి. కానీ కొలత దగ్గర నేను చేసిన తప్పు మీరు చేయకండి. నేను నడుము ఎత్తులో ఒక్కచోటే కొలిచాను. కెమెరా కిందికి తిప్పుతున్నాను, చూశారా? గోడ కింద ఈ స్కర్టింగ్ టైల్ అర అంగుళం ముందుకొచ్చింది, ఇటువైపూ అంతే. కింద బిగిసింది, పైన లూజు. బజ్జిగాడు ఛాతీతో ఒక్క తోపు తోశాడు, గేటుతో సహా వంటగదిలో పడ్డాడు. కాబట్టి పైనా కిందా రెండు చోట్ల కొలవండి. తర్వాత పైన రెండు వైపులా చెక్క ముక్కలు పెట్టి బిగించాను, కదల్లేదు. అన్నిట్లోకీ మంచి కొనుగోలు ఇదే.

నాలుగోది చెత్తబుట్ట అరకి చైల్డ్ లాక్, ఇరవై నిమిషాల పని. ఇక్కడ తడిచెత్త, పొడిచెత్త విడిగా ఇవ్వాలి కదా, ఆ ఆకుపచ్చ బుట్టలో కోడి ఎముకలు, ఉల్లిపాయ తొక్కలు అన్నీ రాత్రంతా ఉంటాయి. కాలితో తొక్కే డస్ట్‌బిన్ తెస్తే వాడు పడగొట్టి తెరిచాడు. చివరికి బుట్టని సింకు కింద అరలో పెట్టి, అతికించే చైల్డ్ లాక్ వేశాను. వంటింటి తలుపులకి నూనె జిడ్డు ఉంటుంది, శుభ్రంగా తుడిచి, అతికించాక ఒక రోజు ముట్టుకోకండి. లేకపోతే ఊడొస్తుంది.

ఈ ఎముకల సంగతి నవ్వులాట కాదు. ఉడికిన ఎముక చీలికలుగా విరిగి పేగుల్లో గుచ్చుకుంటుంది. ఉల్లి, వెల్లుల్లి ఎర్ర రక్తకణాల్ని దెబ్బతీస్తాయి. చాక్లెట్ సంగతి అందరికీ తెలుసు. మనవాళ్లు మర్చిపోయేది పాయసంలో కిస్‌మిస్. ద్రాక్ష, కిస్‌మిస్ కుక్కల మూత్రపిండాల్ని పాడుచేయగలవు, ఏ కుక్కకి ఎన్ని తింటే ప్రమాదమో ముందే చెప్పలేం. కొన్ని షుగర్‌లెస్ చూయింగ్ గమ్‌లలో ఉండే జైలిటాల్ అనే తీపి పదార్థం అయితే గంటలోపే రక్తంలో షుగర్ పడిపోయేలా చేయగలదు. తిన్నాడని తెలిస్తే లక్షణాల కోసం ఎదురుచూడకుండా వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి. ఉప్పునీళ్లు తాగించి కక్కించే ప్రయత్నాలు వద్దు.

ఐదోది రబ్బరు బొమ్మ, లోపల బోలుగా ఉంటుంది. తాలింపు లేని పెరుగన్నం కూరి ఫ్రీజర్‌లో పెడతాను. నేను వంట మొదలుపెట్టగానే గేటు అవతల చాప మీద అది ఇస్తాను. అరగంట నాకుతూనే ఉంటాడు. పెరుగన్నం లెక్కని రాత్రి భోజనంలో తగ్గించాలి, లేకపోతే బరువు పెరుగుతాడు.

డబ్బు పెట్టకుండా వచ్చింది ఒకటుంది, ఒక్క మాట. ఇన్నాళ్లూ నేను ‘వదులు’ అనేదాన్ని, మా ఆయన ‘లీవ్ ఇట్’, పనిచేసే అక్క కన్నడంలో ‘బిడు’. వాడు ముగ్గురి మొహాలూ చూసి మింగేసేవాడు. ఇప్పుడు ఇంటిల్లిపాదికీ ‘బిడు’ ఒక్కటే. ఇలా గుప్పెట్లో బిస్కెట్ ముక్క పెట్టుకుని మూసేయండి. నాకుతాడు, గీకుతాడు, ఏమీ అనకండి. మూతి వెనక్కి తీసిన క్షణంలో ‘గుడ్’ అని, రెండో చేతిలోంచి ఉడికించిన చికెన్ ఇవ్వండి. గుప్పెట్లోది ఇవ్వకూడదు, అది వదిలేయాల్సింది. రోజుకి ఐదు నిమిషాలు. తర్వాత తెరిచిన అరచేతిలో, తర్వాత నేల మీద, తర్వాత టీపాయ్ మీద. మాకు మూడు వారాలు పట్టింది. నోట్లో ఏదైనా పట్టుకుని పరిగెత్తితే మాత్రం వెంట పడకండి. వాడికి అది ఆట, లేదా గబుక్కున మింగడానికి కారణం. చికెన్ చూపించి మార్చుకోండి.

మొన్న అత్తగారు మళ్లీ వచ్చారు. ఓళిగలు చేశారు, గేటు వేశారు, ‘బిడు’ అనడం కూడా నేర్చుకున్నారు. భోజనాల దగ్గర మాత్రం బల్ల కింద నుంచి ఒక ముక్క వాడికి పెడుతూ నాకు దొరికిపోయారు. ఆవిడకి పనికొచ్చే వస్తువు నాకింకా దొరకలేదు. ఆ చేదు స్ప్రే ముప్పావు సీసా మిగిలే ఉంది. కె.ఆర్. పురం వైపు ఎవరి చెప్పులైనా కొరుకుతుంటే చెప్పండి, ఊరికే ఇచ్చేస్తాను.