మినీ కూపర్ ఎస్ ఆర్53: పుల్లీ మార్చేముందు వేడి సంగతి చూడండి

(దృశ్యం: బానెట్ ఎత్తిన కారు. ఇంజిన్ నెత్తిన పరుచుకుని ఉన్న ఇంటర్‌కూలర్ దగ్గరికి కెమెరా.)

ఇది మినీ కూపర్ ఎస్, ఆర్53. 1.6 లీటర్ల ట్రైటెక్ ఇంజిన్, దానికి ఈటన్ ఎం45 సూపర్‌చార్జర్, అంటే ఇంజిన్ బలంతోనే తిరుగుతూ దాని లోపలికి గాలిని ఒత్తిడితో తోసే యంత్రం. మొదట 163 హార్స్‌పవర్, 2004 మార్పుల తర్వాత 170. 2006తో ఈ మోడల్ ముగిసింది. మినీ మన దేశానికి అధికారికంగా వచ్చిందే 2012లో కాబట్టి, ఈ కారు మనవాళ్ల చేతికి ఎక్కువగా విదేశాల్లోనే దొరుకుతుంది. డాలస్‌లోనో ఫీనిక్స్‌లోనో ఎండాకాలం దీన్ని నడిపేవాళ్లు ఈ వీడియో పూర్తిగా చూడండి.

కారు కొనగానే అందరి కన్నూ పడేది చిన్న పుల్లీ మీద. బెల్టు సూపర్‌చార్జర్‌ను తిప్పే చక్రమే పుల్లీ. 15 శాతం చిన్నది వేస్తే సూపర్‌చార్జర్ దాదాపు 17.6 శాతం వేగంగా తిరుగుతుంది. 19 శాతం చిన్నదైతే 23.5 శాతం. ఒక్కో చుట్టుకు 45 ఘనపు అంగుళాల గాలి తోసే యంత్రం అది. చుట్లు పెరిగితే గాలి పెరుగుతుంది, గాలితో పాటు వేడీ పెరుగుతుంది. ఆ వేడి ఎంతో ముందు లెక్క కట్టుకుందాం.

(స్క్రీన్ మీద: 30 డిగ్రీలు, 0.8 బార్, 131 డిగ్రీలు. తర్వాత 1.0 బార్, 151 డిగ్రీలు.)

బయటి గాలి 30 డిగ్రీలు అనుకోండి. ఈ ఎం45 లాంటి రూట్స్ రకం సూపర్‌చార్జర్ సామర్థ్యం సుమారు 55 శాతం. 0.8 బార్ బూస్ట్ (వాతావరణ ఒత్తిడి మీద సూపర్‌చార్జర్ కలిపే అదనపు ఒత్తిడి) దగ్గర బయటికి వచ్చే గాలి 131 డిగ్రీలు ఉంటుంది. అదే 1 బార్ అయితే 151. బయట 42 డిగ్రీల ఎండ ఉంటే ఇంకా పైకి పోతుంది. ఈ గాలిని చల్లార్చాల్సిన ఇంటర్‌కూలర్ ఎక్కడుందో చూడండి: సరిగ్గా ఇంజిన్ మీద. కారు పరుగెత్తుతుంటే బానెట్ స్కూప్ నుంచి గాలి తగులుతుంది. సిగ్నల్ దగ్గర ఆగితే కిందినుంచి వేడి ఎక్కి, ఇంటర్‌కూలర్ అల్యూమినియం అంతా వేడెక్కిపోతుంది. దీన్నే హీట్ సోక్ అంటారు. పచ్చ లైటు పడగానే యాక్సిలరేటర్ తొక్కితే కారు నీరసంగా కదిలేది అందుకే. ఒకే ఒత్తిడిలో 40 డిగ్రీల గాలి 60కి చేరితే సాంద్రత 6 శాతం తగ్గుతుంది. అంతకంటే నష్టం నాకింగ్ వల్ల, అంటే వేడికి పెట్రోలు మిశ్రమం తనంతట తానే అంటుకుని పేలడం వల్ల. సెన్సర్ నాక్ పట్టగానే ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) ప్లగ్గు నిప్పురవ్వ టైమింగ్‌ను వెనక్కి లాగుతుంది, పుల్లీ తెచ్చిన బలం అక్కడే పోతుంది.

ఖర్చు పెట్టేముందు ఒక ఓబీడీ రీడర్ (కారు కంప్యూటర్ లెక్కలు చూపే పరికరం) కొనండి. కూలెంట్, ఇన్‌టేక్ గాలి ఉష్ణోగ్రతలు రెండూ చదవండి. గాలి సెన్సర్ ఇంటర్‌కూలర్ తర్వాతే ఉంది కాబట్టి, ఇంజిన్‌లోకి నిజంగా వెళ్లేదేమిటో అదే చెబుతుంది. పుల్లీ వేయకముందు, వేశాక, ఒకే రోడ్డు మీద ఒకే గేరులో రికార్డు చేసుకోండి.

(దృశ్యం: కూలెంట్ ట్యాంకు, దాని అతుకు మీద తెల్లటి మరక.)

ఇక కూలింగ్. ఈ కార్లలో ఎక్స్‌పాన్షన్ ట్యాంకు, అంటే ఈ కూలెంట్ ట్యాంకు, రెండు ప్లాస్టిక్ ముక్కల అతుకు. వయసు మీద పడితే అతుకు దగ్గర చీలుతుంది. మరక కనబడితే అల్యూమినియం ట్యాంకు వేయండి. కూలెంట్‌ను రేడియేటర్‌కు వదిలే వాల్వ్ థర్మోస్టాట్; దాని హౌసింగ్ కూడా కారుతుంది. కంపెనీ థర్మోస్టాట్ దాదాపు 95 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. ఎండ ప్రాంతాల్లో 82 డిగ్రీలది పనికొస్తుంది. చలి దేశంలో మాత్రం పాతదే ఉంచండి, ఇంజిన్ ఆయిల్ వేడెక్కక పోవడమూ మంచిది కాదు.

అసలు దొంగ ఫ్యాన్. దానికి రెండు వేగాలు. తక్కువ వేగం నడిపే రెసిస్టర్ కాలిపోవడం ఈ కారుకు మామూలు జబ్బు. అప్పుడు 105 డిగ్రీల దగ్గర తిరగాల్సిన ఫ్యాన్ తిరగదు, 112 దాకా వేచి ఉండి ఒక్కసారి హోరుమంటుంది. ఏసీ వేసి చూడండి. చల్లటి ఇంజిన్‌తో ఏసీ ఆన్ చేసినా ఫ్యాన్ మెల్లగా తిరగకపోతే రెసిస్టర్ పోయినట్టే. దీన్ని వదిలేసి పుల్లీ వేయడం ఇంజిన్ సిలిండర్ హెడ్‌ను పణంగా పెట్టడమే.

వాటర్ పంప్ సంగతి చాలామందికి తెలియదు. అది బెల్టుతో కాదు, సూపర్‌చార్జర్ వెనకున్న గేర్లతో తిరుగుతుంది. ఆ గేర్ల ఆయిల్ విడిగా ఉంటుంది, డిప్‌స్టిక్కు ఉండదు. ఆయిల్ ఎండితే పళ్లు అరిగి పంప్ ఆగుతుంది, కొద్ది నిమిషాల్లో ఇంజిన్ ఉడుకుతుంది. పుల్లీతో వేగం పెంచితే ఆ అరుగుదల ఇంకా తొందరగా వస్తుంది. సూపర్‌చార్జర్ బయటికి తీసి రెండు చివర్ల ఆయిల్ మార్చడం కష్టమైన పనే, అయినా లక్ష కిలోమీటర్లు దాటిన కారుకు ఇది తప్పదు.

బైపాస్ వాల్వ్ కూడా చూడండి. మెల్లగా నడిపేటప్పుడు అది తెరుచుకుని గాలిని తిప్పి పంపుతుంది, సూపర్‌చార్జర్‌కు శ్రమ తగ్గుతుంది. అది మూసుకుని బిగుసుకుంటే హైవే మీద నెమ్మదిగా పోయినా గాలి వేడెక్కుతూనే ఉంటుంది.

(దృశ్యం: ఇంటర్‌కూలర్ రబ్బరు బూట్లు, స్కూప్ కింద సీల్.)

ఇంటర్‌కూలర్‌కు రెండు వైపులా రబ్బరు బూట్లు ఉంటాయి. చీలితే బూస్ట్ కారుతుంది. బానెట్‌కూ ఇంటర్‌కూలర్‌కూ మధ్య సీల్ నలిగితే స్కూప్ గాలి పక్కకు పోతుంది. ముందు ఈ రెండూ కొత్తవి వేయండి, పెద్ద ఇంటర్‌కూలర్ గురించి ఆ తర్వాత ఆలోచించవచ్చు.

ఇవన్నీ అయ్యాక పుల్లీ. 15 శాతం దగ్గర ఆగమనే మా సలహా. బెల్టు కూడా దాదాపు అర అంగుళం పొట్టిది కావాలి, పాతది ఉంచితే వదులై జారుతుంది. పాత పుల్లీని దీనికోసం చేసిన పుల్లర్‌తోనే లాగండి. సుత్తితో కొడితే, స్క్రూడ్రైవర్‌తో ఎత్తితే షాఫ్ట్, బేరింగ్ దెబ్బతింటాయి. స్పార్క్ ప్లగ్గులు ఒక మెట్టు చల్లనివి (వేడిని త్వరగా వదిలేవి) వేయండి: ఎన్‌జీకే కంపెనీ ప్లగ్గుల్లో అంకె పెరిగితే చల్లదనం పెరుగుతుంది, అంటే బీకేఆర్6 స్థానంలో బీకేఆర్7. 17, 19 శాతానికి పోతే 380 సీసీ ఇంజెక్టర్లు (పెట్రోలు చిమ్మేవి), ట్యూన్ (ఈసీయూ సెట్టింగుల మార్పు) లేకుండా ముట్టుకోకండి. పెట్రోలు తగ్గి మిశ్రమం పలచనైతే పిస్టన్ అంచు కరుగుతుంది.

గట్టిగా నడిపాక చివరి నాలుగైదు నిమిషాలు బూస్ట్ రాకుండా పోనివ్వండి. స్కూప్‌లోకి గాలి ఆడుతుంటే ఇంటర్‌కూలర్ అప్పుడే చల్లారుతుంది. ఇంటి ముందు ఆపి ఇంజిన్ ఊరికే ఆడించడం వల్ల దాని కింది వేడి ఇంకా పైకెక్కుతుంది.