టెండరు రాసే రోజున రోగి ఎక్కడ?

నమస్కారం. ప్రకాశం పశ్చిమ మండలాల కిడ్నీ జబ్బుల గురించి మాట్లాడినప్పుడల్లా, ఎన్ని డయాలసిస్ యంత్రాలు వచ్చాయన్న లెక్క దగ్గరే మన చర్చ ఆగిపోతుంది. ఆ యంత్రాలు ఏ ఊళ్లో ఉండాలో, ఏ వేళల్లో నడవాలో, నడిపే సంస్థకు ఏ షరతులు పెట్టాలో ఎవరు తేల్చారని అడిగేవారు తక్కువ.

డయాలసిస్ సాధారణంగా వారానికి మూడుసార్లు, ఒక్కోసారి సుమారు నాలుగు గంటలు పడుతుంది. చికిత్స ఉచితమే కావచ్చు. కానీ వెలిగండ్ల వైపు పల్లె నుంచి కనిగిరికి రావాలంటే బస్సు చార్జీ, తోడు వచ్చిన మనిషి పోగొట్టుకునే కూలి రోగి ఇంటి మీదే పడతాయి. చివరి షిఫ్టు ముగిసేసరికి ఊరికి బస్సు లేకపోతే ఆటో మాట్లాడుకోవాలి, స్తోమత లేకపోతే ఆ విడత మానుకోవాలి. యంత్రాలు నడిపే సంస్థను ఎంచుకునే టెండరు పత్రం రాసేటప్పుడే నలుగురు రోగులను కూర్చోబెట్టి అడిగితే, షిఫ్టు వేళలు బస్సు వేళలను బట్టి ఉండాలన్న షరతు ఒప్పందంలోకే ఎక్కుతుంది. సంతకాలయ్యాక పెట్టే అభిప్రాయ సేకరణ వల్ల, నా దృష్టిలో, ఫొటోలు తప్ప మిగిలేదేమీ లేదు.

2005లో మొదలైన జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్ గ్రామ ఆరోగ్య కమిటీలను తెచ్చింది, వాటికి ఏటా 10,000 రూపాయల నిధి కేటాయించింది. మంచిదే, కాని ఆ చిన్న ఖర్చు మీద చెల్లే ఊరివాళ్ల మాట పెద్ద ఒప్పందాల మీదా చెల్లాలి.

ఇక సమానత్వం సంగతి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రం మైదానంలో 30,000 మందికి, కొండ, గిరిజన ప్రాంతాల్లో 20,000 మందికి ఒకటి ఉండాలన్నది ప్రమాణం. నెల్లూరు యానాదులు గిరిజనులే అయినా, మైదానంలో ఊళ్ల అంచున, చెరువుల దగ్గర చెదురుమదురుగా ఉంటారు కనుక ఆ సడలింపు వారి దాకా రాదు. తలల లెక్కన పంచితే ఎవరి వాటా ఎక్కడ జారిపోతుందో చూడడానికి ఇంతకన్నా వేరే ఉదాహరణ అక్కరలేదు.

చదువు రానివారికి టెండర్లేం తెలుస్తాయనే అధికారులకు దూబగుంట గుర్తుండాలి. నెల్లూరు జిల్లాలోని ఆ ఊళ్లో అక్షరాస్యత తరగతులకు వచ్చిన ఆడవాళ్లు 1992లో సారా దుకాణాన్ని నిలదీశారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారా దుకాణాల వేలం పాటలనే ప్రశ్నించగలిగిన వారికి డయాలసిస్ ఒప్పందం అర్థం కాదా?

కాబట్టి టెండరు పిలవకముందే ముసాయిదాను తెలుగులో గ్రామసభలో చదివి వినిపించాలి. యానాదుల కాలనీలో ఆ సమావేశాన్ని పనుల వేళ అయిపోయాక అక్కడే పెట్టాలి. పగలే పెట్టక తప్పదంటే, వచ్చినవారికి ఆ రోజు కూలి ముట్టజెప్పాలి.