రిమోట్ అంటే దూరం కాదు, బాబూ!

పోయిన వీడియో కింద గొడవ చూశారుగా! "ఫుల్లీ రిమోట్", అంటే పూర్తిగా ఇంటి నుంచే పని అని ప్రకటన ఇచ్చి, చేరిన నెలకే వారానికి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్న ఒక కంపెనీ గురించి మాట్లాడితే, సగం మంది నాకే ఇంగ్లిష్ పాఠం మొదలుపెట్టారు. "రిమోట్ అంటే దూరంగా ఉన్నది, అంతే కదన్నా" అట. కాదు. వంద సార్లు చెప్తా, కాదు!

లాటిన్‌లో రిమోటుస్ అంటే వెనక్కి జరిపేసినది. మనం రోజూ వాడే రిమూవ్ కూడా ఆ ఇంటి పిల్లే. ఫార్ అంటే కిలోమీటర్లు, ఒప్పుకుంటా. రిమోట్ అంటే మాత్రం ఎవరో తీసి పక్కన పెట్టారని. డిక్షనరీ ఇంత దూరం రాదు, ఇది నా థియరీ.

హైదరాబాద్ నుంచి తిరుపతి ఐదొందల కిలోమీటర్ల పైనే, దాన్ని రిమోట్ అన్నవాణ్ణి చూపించండి! పాడేరు పక్కన కొండమీది గూడెం విశాఖకు అందులో సగం దూరం కూడా ఉండదు, అదేమో "రిమోట్ ఏరియా". రోడ్డు వేయరు, టవర్ పెట్టరు, పేరు మాత్రం పెట్టేస్తారు. మన తెలుగువాళ్లు తెలివైనోళ్లండీ, దానికి దూరం అన్న మాటే వాడలేదు, మారుమూల అన్నారు. ఇంట్లో మూల ఎంత దూరం చెప్పండి?

పసిఫిక్ మధ్యలో పాయింట్ నెమో ఉంది, ఎటు చూసినా దగ్గరి నేల 2,688 కిలోమీటర్లు. అక్కడ పడవలో ఉంటే, స్పేస్ స్టేషన్ నెత్తిమీదుగా పోయేటప్పుడు మీకు దగ్గరి మనుషులు ఆ 400 కిలోమీటర్ల ఎత్తున ఉన్నవాళ్లే! ఇక్కడ రిమోట్ ఎవరు, మీరా, వాళ్లా?

అన్నట్టు, "రిమోట్ చాన్స్" అంటే సంబరపడకండి. మా పిన్ని కొడుకు, జీతం పెరిగే రిమోట్ చాన్స్ ఉందని మేనేజర్ అంటే, ఇంటి నుంచి పని కూడా ఇస్తున్నారనుకుని స్వీట్లు పంచాడు. దానర్థం దాదాపు లేనట్టేరా నాయనా!

ఇక టీవీ రిమోట్. 1950లో అమెరికాలో జెనిత్ వాళ్లు లేజీ బోన్స్ అని ఒకటి తెచ్చారు, దానికీ టీవీకీ మధ్య పొడుగాటి వైరు, జనం కాలికి తగిలి పడేవాళ్లు. వైరు లేనిది 1955లో గానీ రాలేదు. కాబట్టి మూడు రోజులు ఆఫీసుకు రమ్మన్న ఆ కంపెనీ అబద్ధం చెప్పలేదు బ్రదర్, ఇచ్చింది రిమోటే, కాకపోతే 1950 మోడల్.