ముందు బావగారికి కట్టేశాం

(విజయవాడ సత్యనారాయణపురంలోని ఒక అపార్ట్‌మెంటు వాసుల కార్తీక వనభోజనాల్లో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. పెద్దవాళ్ళు చాలామంది ఉన్నారు, ఒక్కొక్కరినీ పేరు పెట్టి నమస్కరించాలి. కానీ అవతల గాడిపొయ్యి మీద అన్నం ఉడుకుతోంది, పిల్లలు ఇప్పటికే రెండుసార్లు మూత తీసి చూసి వచ్చారు. కాబట్టి అందరికీ కలిపి ఒకటే నమస్కారం. పొద్దున నాలుగింటికి లేచి కూరలు తరిగిన పిన్నిగార్లకి మాత్రం విడిగా ఇంకొకటి.

సెక్రటరీ గారు నాకిచ్చిన అంశం ఇంటి పొదుపు. "లెక్కల టీచరువి కదమ్మా, నువ్వు చెబితే బాగుంటుంది" అన్నారు. రాత్రి కూర్చుని రాసుకొచ్చాను కూడా, ఇదిగో రెండు పేజీలు. దీన్ని పక్కన పెడుతున్నాను. జీతం వచ్చే ఇంటికి పొదుపు సంగతి ఎవరైనా చెప్తారు. జీతం ఆగిపోయిన ఇంటి సంగతి చెప్పేవాళ్ళు తక్కువ. నేను మా ఇంటి సంగతే చెబుతాను. మా వారు అదిగో, ఆ చివర విస్తరాకులు కడుగుతున్నారు. చెప్పమంటారా అని రాత్రి అడిగాను. "చెప్పు, అంకెలతో సహా చెప్పు" అన్నారు.

2023 జూన్. బడులు తెరిచిన వారం. మధ్యాహ్నం మూడింటికి నేను ఇంటికొచ్చేసరికి మా వారు సోఫాలో కూర్చుని ఉన్నారు. బండి తాళం మేకుకి తగిలించలేదు, చేతిలోనే పట్టుకుని ఉన్నారు. ఆయన చేసే కంపెనీ ఇక్కడి బ్రాంచి మూసేసింది. పదకొండేళ్ళ ఉద్యోగం. నెలకి చేతికొచ్చే 38,000 ఆ రోజుతో సరి. నాకు ప్రైవేటు స్కూల్లో 14,500.

అప్పులు చెబుతాను వినండి. ఈ ఇంటి మీద బ్యాంకు లోను, నెలకి 15,600 కిస్తీ. క్రెడిట్ కార్డు మీద 90,000. రెండు లక్షల చీటీ ముందే పాడి ఎత్తేశాం, దానికి నెలకి 5,000 కట్టాలి. తెనాల్లో ఉండే మా బావగారి దగ్గర ఇల్లు కొన్నప్పుడు తీసుకున్న చేబదులు 1,50,000. పాప ఫీజు వేరే. మొత్తం ఎంతో మా ఇద్దరికీ తెలియదు. ఆయనకి తెలిసినవి కొన్ని, నాకు తెలిసినవి కొన్ని.

ఉద్యోగం పోయిన నెలకి పీఎఫ్‌లో 75 శాతం తీసుకోవచ్చన్నారు అప్పట్లో. ఇల్లు కొన్నప్పుడు కొంత తీసేశాం కాబట్టి ఇప్పుడు 1,60,000 వచ్చింది. ఆ డబ్బుతో మేం ఏం చేశామో తెలుసా అండీ? వారం తిరక్కుండా తెనాలి వెళ్ళి బావగారి చేతిలో 1,50,000 పెట్టి వచ్చాం. ఆయన అడగలేదు. వడ్డీ ఒక్క పైసా లేదు. అయినా ముందు ఆయనకే కట్టేశాం. డిసెంబరులో వాళ్ళమ్మాయి పెళ్ళి. ఉద్యోగం లేనివాడు అప్పు కూడా ఉన్నాడనిపించుకుని ఆ పందిట్లోకి ఎలా వెళ్తాం అనుకున్నాం.

నేను చెప్పాలనుకున్నది ఇదేనండీ. మిగతాదంతా మర్చిపోయినా ఇది గుర్తుపెట్టుకోండి. ఎవరి ముందు సిగ్గుపడతామో వాళ్ళ అప్పు ముందు తీరుస్తాం. ఏ అప్పు మనల్ని తినేస్తోందో దాన్ని అలాగే వదిలేస్తాం. కార్డువాళ్ళు పెళ్ళిళ్ళలో కనపడరు, బావగారు కనపడతారు. అంతే తేడా.

మనవైపు వడ్డీని శాతాల్లో చెప్పుకోం కదా. రూపాయి వడ్డీ, రెండు రూపాయల వడ్డీ అంటాం, వందకి నెలకి. రెండు రూపాయలంటే ఏడాదికి 24 శాతం. అదే లెక్కలో మా అప్పులు చూడండి. ఇంటి లోను డెబ్బై పైసలు. బావగారిది సున్నా. కార్డు మూడున్నర రూపాయలు, అంటే ఏడాదికి 42 శాతం, దానికి జీఎస్టీ అదనం. 90,000 మీద నెలకి 3,150 వడ్డీకే పోయింది. మినిమమ్ కట్టాం కదా, పర్వాలేదనుకునేవాళ్ళం. మినిమమ్ కడితే లేటు ఫీజు పడదంతే. మిగిలిన బాకీ మీద వడ్డీ నడుస్తూనే ఉంటుంది, కొత్తగా కొన్న ఉప్పూ పప్పూ మీద కూడా గడువు లేకుండా కొన్న రోజు నుంచే పడుతుంది. ఆ పీఎఫ్‌తో కార్డు మూసేసి ఉంటే ఇంకా 70,000 మిగిలేది. నాలుగు నెలల ఇంటి కిస్తీలండీ అవి. లెక్కల టీచర్ని. ఎనిమిదో తరగతి పిల్లలకి చక్రవడ్డీ చెప్తాను. ఇంట్లో ఈ లెక్క వేసుకోలేదు.

పెళ్ళి దగ్గరికొచ్చింది. ఇక్కడ నేను చేసిన పని చెప్పాలి. మా వారికి తెలియకుండా వందరోజుల ఫైనాన్సు తీసుకున్నాను. కాగితం మీద 10,000, చేతికిచ్చేది 8,500. రోజుకి వంద చొప్పున వంద రోజులు కట్టాలి. సాయంత్రం బడి వదిలే వేళకి గేటు దగ్గర ఒక కుర్రాడు నిలబడేవాడు. చిన్న పసుపు రంగు కార్డు, అందులో వంద గళ్ళు. వంద ఇస్తే ఒక గడిలో సంతకం పెడతాడు. ఆ కార్డు పాప జామెట్రీ బాక్సులో అడుగున పెట్టేదాన్ని, ఎవరూ చూడరని. 1,500 వడ్డీయే కదా అనిపిస్తుంది. కానీ అసలు రోజూ తగ్గిపోతూ ఉంటుంది, సగటున మన దగ్గర ఉండేది 4,250. దాని మీద వంద రోజులకి 1,500. నెలకి వందకి పదిన్నర రూపాయలు పడిందండీ వడ్డీ! మళ్ళీ చెబుతున్నాను, పదిన్నర రూపాయలు.

ఈ ఊళ్ళో ఆ వడ్డీలు ఎటు తీసుకెళ్తాయో తెలియనివాళ్ళు లేరు. 2015 డిసెంబరులో కాల్‌మనీ కేసులు, అంటే ఒక్క ఫోను చేస్తే వచ్చి పెద్ద వడ్డీకి అప్పిచ్చేవాళ్ళ కేసులు, బయటపడినప్పుడు బెజవాడ పేరు దేశమంతా వినపడింది. అప్పు కట్టలేని ఆడవాళ్ళని ఏం చేశారో పేపర్లలో చదివాం. చదివి "పాపం ఎవరో" అనుకున్నాం. ఎనిమిదేళ్ళ తర్వాత నేను కూడా స్కూలు గేటు దగ్గర నిలబడ్డాను.

ఆ 8,500 దేనికో చెప్పలేదు కదూ. ఒక పట్టుచీర, మిగతాది చదివింపులకి. అంతే. పందిట్లో మైకులో మా వారి పేరు చదివారు, ఇంటిపేరుతో సహా, అంకెతో సహా. ఆ అంకె వినపడినప్పుడు నాకు ఊపిరి తిరిగింది. ఆ ఒక్క క్షణం కోసం వంద రోజులు!

మీ అందరినీ ఒకటి అడుగుతాను. నాకిచ్చిన అంశంలో లేనిదే, అయినా అడుగుతాను. ఇక్కడ పెళ్ళికెదిగిన పిల్లలున్న వాళ్ళు చాలామంది ఉన్నారు. మీ ఇంటి పెళ్ళిలో చదివింపులు మైకులో చదివించకండి. పుస్తకంలో రాసుకోండి, కవర్లు తీసుకోండి, మీ ఇష్టం. మైకు మాత్రం వద్దు. పందిట్లో కూర్చున్న వాళ్ళలో జీతం ఆగిపోయిన వాడు ఎవరో మీకు తెలియదు. అన్నయ్యగారూ, మీరు తల ఊపుతున్నారు, ఫిబ్రవరిలో మీ అబ్బాయి పెళ్ళి ఉంది, మీతోనే మొదలుపెట్టండి.

సరే, ఎక్కడున్నాం... పసుపు కార్డు. పెళ్ళయిన రెండు వారాలకి పాప ఏదో వృత్తం గీయలేకపోతుంటే మా వారు కంపాస్ కోసం బాక్సు తీశారు. ముప్పై ఏడు గళ్ళు నిండి ఉన్నాయి. ఆయన నన్నేమీ అనలేదు. పాప పడుకున్నాక మా పెళ్ళినాటి చదివింపుల పుస్తకం బీరువాలోంచి తీశారు. వెనక పేజీలు ఖాళీగా ఉన్నాయి. "రాద్దాం" అన్నారు. నాలుగు గళ్ళు గీశారు. ఎవరికి, ఎంత, వడ్డీ ఎంత. నాలుగో గడి నాకు అప్పుడు అర్థం కాలేదు. దాని మీద "కట్టకపోతే ఏమవుతుంది" అని రాశారు. మీరు రాసుకుంటే ఆ నాలుగో గడి తప్పకుండా రాసుకోండి.

ఆ గడి నింపుతుంటే ఒక్కొక్కటీ తేలింది. చీటీ ఆపితే మాకు జామీను పెట్టిన మా స్టాఫ్‌రూమ్ టీచరు జీతం మీదకి వెళ్తారు. జామీనుదారంటే చట్టం ముందు అప్పు తీసుకున్నవాడితో సమానం. కాబట్టి చీటీ ఆపకూడదు. ఇంటి కిస్తీ అప్పటికి రెండు తప్పాం, బౌన్సైన ప్రతిసారీ 590 వేశారు. 90 రోజులు దాటితే బ్యాంకు దాన్ని మొండిబాకీ కింద రాస్తుంది, ఆ తర్వాత 60 రోజుల గడువుతో నోటీసు వస్తుంది, ఆపైన ఇంటిని స్వాధీనం చేసుకునే హక్కు వాళ్ళకి వస్తుంది. ఆ లోనులో నా సంతకం కూడా ఉంది. ఫైనాన్సు ఆపితే ఏమవుతుందో ఆయన రాయలేదు. ఆ గడి ఖాళీగానే ఉంది ఇప్పటికీ.

మర్నాడు నా నాలుగు గాజులూ బ్యాంకులో పెట్టాం. మా అమ్మకి చెప్పలేదు, చెబితే ఏడుస్తుందని. 1,28,000 తీసుకున్నాం, ముప్పావలా వడ్డీ. ఫైనాన్సు మిగిలిన 6,300 అదే రోజు మొహాన కట్టేశాం. కార్డు మూసేశాం. తప్పిన రెండు కిస్తీలూ కట్టేశాం. మూడున్నర రూపాయల అప్పు ముప్పావలాకి దిగింది. జూన్‌లోనే ఆ పని చేసుంటే నెలకి 2,475 మిగిలేది. ఆరు నెలలకి 14,850. నా నెల జీతం కంటే ఎక్కువ. పెళ్ళిలో చేతులు బోసిగా ఉంటాయని ఆగాను నేను. ఆ గాజుల్ని ఎవరైనా చూశారో లేదో కూడా తెలియదు.

అటునుంచి ఇంటి లోను ఉన్న బ్యాంకుకి ఇద్దరం కలిసే వెళ్ళాం. వెళ్ళేదాకా ఎంత భయమో. మేనేజరు గారు "మూడోది తప్పకముందే వచ్చారు, మంచిపని చేశారు" అన్నారు. నాలుగేళ్ళ గడువు పెంచి కిస్తీ 14,200కి దించారు. ఊరికే కాదండీ, మొత్తం మీద నాలుగు లక్షలు ఎక్కువ పడుతుంది, అది తెలిసే సంతకం పెట్టాం. మాది మారే వడ్డీ లోను, ముందుగా కట్టుకుంటే అపరాధ రుసుం ఉండదు.

కార్డు మూసేముందు రికవరీవాళ్ళు మా స్కూలు ఆఫీసుకి ఫోను చేశారు. హెడ్మిస్ట్రెస్ గారికి నా బాకీ ఎంతో చెప్పారు. ఆ రోజు నేను ఆరో పీరియడ్ ఎలా చెప్పానో నాకే తెలియదు. ఉదయం ఎనిమిదికి ముందు, సాయంత్రం ఏడు తర్వాత ఫోను చేయకూడదని, మన బాకీ పక్కవాళ్ళకి చెప్పి అవమానించకూడదని రిజర్వు బ్యాంకు నియమం ఉంది. అప్పుడు నాకు తెలియదు. మీరు తెలుసుకోండి. బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదివ్వండి, 30 రోజుల్లో తేల్చకపోతే బ్యాంకుల మీద ఫిర్యాదులు తేల్చే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి వెళ్ళండి, ఫోను 14448. లోను యాప్‌లవాళ్ళు ఫొటోలు పంపి బెదిరిస్తే సైబర్ నేరాల ఫోను 1930. ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా ఉచితంగా వకీలుని ఇస్తారు, న్యాయసేవాధికార సంస్థ, 15100. రాసుకోండి, మళ్ళీ చెప్తాను. 15100.

గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు కంపెనీ ఇవ్వాల్సిన డబ్బు, అది కూడా మర్చిపోకండి. ఐదేళ్ళు దాటి చేస్తే అది దానం కాదు, హక్కు. మా వారి ఉద్యోగం పోయిన 2023లో లెక్క ఇది: చివరి బేసిక్కుని, డీఏ ఉంటే అదీ కలిపి, పదిహేనుతో హెచ్చించి ఇరవై ఆరుతో భాగించి, చేసిన ఏళ్ళతో హెచ్చించేవాళ్ళు. మా వారి బేసిక్ 18,000, పదకొండేళ్ళకి 1,14,000 పైచిలుకు వచ్చింది. వాళ్ళంతట వాళ్ళు ఇవ్వలేదు. కార్మిక శాఖ ఆఫీసు చుట్టూ ఏడు నెలలు తిరిగితే ఇచ్చారు.

సంక్రాంతికి బావగారు వచ్చినప్పుడు ఈ సంగతంతా ఆయనకి తెలిసింది. పుస్తకం ఆయనే తిరగేశారు. సున్నా వడ్డీ అని రాసిన తన పేరు మీద వేలు పెట్టి, "నేనడిగానా అమ్మా నిన్ను? నా డబ్బు కోసం ఆ గేటు దగ్గర నిలబడ్డావా?" అన్నారు. అంత పెద్దమనిషి కళ్ళు తుడుచుకోవడం నేను అదే చూడటం.

ఇప్పుడు మా వారు ఆటోనగర్‌లో స్పేర్‌పార్ట్స్ షాపులో లెక్కలు చూస్తున్నారు, 26,000. చీటీ అయిపోయింది. గాజులు రెండు విడిపించాం, రెండు ఇంకా బ్యాంకులోనే ఉన్నాయి.

అన్నం దించినట్టున్నారు. ఒక్కమాట చెప్పి ఆపేస్తాను. ఈ తోటలో ఎవరి దగ్గరైనా అలాంటి పసుపు కార్డు ఉంటే, ఎక్కడ దాచుకున్నా సరే, ఇవాళ పంక్తిలో నా పక్కన కూర్చోండి. ఏమీ చెప్పక్కర్లేదు, కూర్చుంటే చాలు. భోజనాలయ్యాక లెక్క ఇద్దరం కలిసి వేద్దాం. నా పక్కన ఒక ఆకు ఖాళీగా ఉంచుతాను.