పడవ పోయింది, మరి బొమ్మ రైలు?

(విశాఖపట్నంలోని ఒక స్థానిక చానల్ స్టూడియోలో 2025 జూలైలో జరిగిన చర్చకు ఇది అక్షర రూపం. పేర్లకు బదులు ఎవరు ఏ పని చేస్తారో అదే పెట్టాను. యాంకర్ కాక నలుగురు: షిప్‌యార్డులో రిటైరైన ఫిట్టర్ గారు, ఒక ఆర్కిటెక్ట్, ద్వారకానగర్‌లో టూర్స్ ఆఫీసు నడిపే మేడం, ఫ్లోరిడాలో ఎమ్మెస్ చదివి వచ్చి మధురవాడలో ఉద్యోగం చేస్తున్న అమ్మాయి. ముగ్గురు ఒకేసారి మాట్లాడిన చోట వినపడినంత వరకే రాశాను.)

యాంకర్: నమస్కారం. అమెరికాలో, ఓర్లాండో దగ్గర డిస్నీ వరల్డ్. అందులో మ్యాజిక్ కింగ్‌డమ్ అనే పార్కు. 1971 అక్టోబరులో ఆ పార్కు తెరిచినప్పటి నుంచి అక్కడ తవ్వి తయారుచేసిన ఒక నది ఉంది, రివర్స్ ఆఫ్ అమెరికా అని. మధ్యలో టామ్ సాయర్ ఐలాండ్, దాని చుట్టూ తిరిగే ఆవిరి పడవ. ఈ నెల 6తో అన్నీ మూతపడ్డాయి. నది పూడ్చేసి 'కార్స్' అనే కార్టూన్ సినిమా పేరుతో కొత్త ఏరియా కడతారట. ఆఖరి ట్రిప్పుకి జనం కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. విశాఖకేం సంబంధం అంటారా? ప్రతి అపార్ట్‌మెంట్‌లో ఒకరో ఇద్దరో పిల్లలు అక్కడే ఉన్నారు, వెళ్ళినవాళ్ళంతా చూసొచ్చిన చోటే. నలుగురికీ సమానంగా టైమ్ ఇస్తాను, అది నా హామీ. ముందుగా ఒకే ఒక్క ప్రశ్న. రేపు మన కైలాసగిరి బొమ్మ రైలు తీసేస్తే మనం ఊరుకుంటామా?

ఆర్కిటెక్ట్: బొమ్మ రైలు తీసేస్తామని ఎవరూ అనలేదు కదండీ.

యాంకర్: తీసేస్తే అంటున్నాను సార్. తీసేస్తే.

ఆర్కిటెక్ట్: సరే. ముందు ఓర్లాండో సంగతి చూద్దాం. మొదటి పార్కు కాలిఫోర్నియాలో 1955లో తెరిచారు. కట్టినాయన, వాల్ట్ డిస్నీ, అప్పుడే చెప్పాడు, ఇది ఎప్పటికీ పూర్తి కాదు, మారుతూనే ఉంటుంది అని. ఫ్లోరిడా పార్కు తెరిచేనాటికి ఆయన లేడు, 1966లోనే పోయాడు. అంటే మార్పు అనేది ఆ పార్కు పుట్టుకలోనే...

ఫిట్టర్: ఒక్క నిమిషం బాబూ, ఒక్క నిమిషం. మార్పు వేరు, పూడ్చెయ్యడం వేరు. నేను ఆ పడవ ఎక్కాను. మా అబ్బాయి టాంపాలో ఉంటాడు. ముప్పై ఏళ్ళు పైన ఓడల మీద పనిచేసినవాణ్ణి, అక్కడ నన్ను బొమ్మ పడవ ఎక్కిస్తాడా అనుకున్నాను. కింద డెక్ మీదికెళ్ళి చూద్దును కదా, నిజమైన స్టీమ్ ఇంజనండీ! పిస్టన్ రాడ్ ఇలగ (చేత్తో చూపించారు) ముందుకీ వెనక్కీ. వెనకాల ఎర్ర చక్రం నీళ్ళు కొట్టుకుంటూ తిరుగుతోంది. గ్రీజు వాసన. మా మనవడు పైకి పోదాం తాతా అని చొక్కా లాగుతున్నాడు, నేను కదల్లేదు. ఆ విజిల్ వేశాడు చూడండి, నాకు మన ఫస్ట్ షిఫ్ట్ సైరన్ గుర్తొచ్చేసింది. మా ఆవిడ అక్కడే నవ్వింది, డ్యూటీకి టైమైందా అని.

టూర్స్ మేడం: కానీ అంకుల్, ఆ పడవ పట్టా మీద నడుస్తుంది కదా! నీళ్ళ కింద ఇనుప పట్టా ఉంటుంది. పైన కెప్టెన్ చక్రం తిప్పినా తిప్పకపోయినా అది వెళ్ళే దారిలోనే వెళ్తుంది.

ఫిట్టర్: పట్టా ఉంటే ఏటమ్మా? రైలుకి పట్టా లేదా? రైలు నిజం కాదా?

యాంకర్: అద్భుతం! రైలు అన్నారు. అదే నేనూ అంటున్నది. మన బొమ్మ రైలు...

ఫిట్టర్: అయ్యో ఆగు తమ్ముడూ. మొదటి పడవకి పెట్టిన పేరు అడ్మిరల్ జో ఫౌలర్. నేవీ అడ్మిరల్, ఆ పార్కులు కట్టించడంలో ముందు నిలబడ్డ మనిషి. 1973లో రెండో పడవ వచ్చింది, మొదటిదాన్ని 1980లో పక్కనబెట్టారు. ఇప్పుడు ఆపేసినది ఆ రెండోదే. 1996లో దాని పేరు లిబర్టీ బెల్ అని మార్చారు. పేరు మార్చారు, ఊరుకున్నాం. ఇప్పుడు నదినే తీసేస్తారా?

(ఇక్కడ "ఊరుకున్నాం" అన్నది ఎవరో నాకు అర్థం కాలేదు. యాంకర్ మాత్రం తలూపారు.)

యాంకర్: అమ్మా, మీరు నిన్నమొన్నటి దాకా అక్కడే ఉన్నారు. మీరు చెప్పండి.

ఎమ్మెస్ అమ్మాయి: నాకు పడవ కంటే ద్వీపమే ఇష్టమండీ. తెప్ప మీద అవతలికి వెళ్ళాలి. అక్కడ పీపాల వంతెన ఒకటి ఉండేది, నీళ్ళ మీద తేలే పీపాల మీద చెక్కలు వేసి. అడుగు పెడితే కిందికి దిగి పైకి లేస్తుంది. మా అమ్మ వచ్చినప్పుడు చెప్పులు విప్పి చేత్తో పట్టుకుని, రెండో చేత్తో తాడు పట్టుకుని దాటింది. చీర తడుస్తుందని ఒకటే టెన్షన్. దాటాక మళ్ళీ వెనక్కెళ్ళి ఇంకోసారి దాటింది. మిగతా పార్కంతా క్యూలు, ఫోన్లో టైమింగులు, పరుగులు. అక్కడ మాత్రం ఏమీ చెయ్యక్కర్లేదు. ఊగే కుర్చీలో కూర్చోవచ్చు, అంతే. నేను చెప్పాలనుకున్నది ఏంటంటే, ఏమీ చెయ్యక్కర్లేని చోటు పోయిందని...

ఫిట్టర్: అదే నేను చెబుతున్నది! ఏమీ చెయ్యక్కర్లేని చోటు. నేను మొదటి నుంచి అదే అంటున్నాను.

(అనలేదు. రికార్డింగ్ రెండుసార్లు విన్నాను.)

టూర్స్ మేడం: నేను వ్యాపారం మాట చెప్తానండీ, బాధపడకండి. ఏడాది పొడుగునా నా దగ్గరికి పేరెంట్స్ వస్తారు, పిల్లల కాన్వొకేషన్‌కో డెలివరీకో వెళ్తూ పనిలో పనిగా డిస్నీ టికెట్ అడుగుతారు. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు పడవ అడగలేదు. కొండ రైలు అడుగుతారు, కోట అడుగుతారు. పైగా ఈ మే 22న పక్కనే యూనివర్సల్ వాళ్ళు ఎపిక్ యూనివర్స్ అని కొత్త పార్కు తెరిచారు. డిస్నీ వాళ్ళు చూస్తూ కూర్చుంటారా? పార్కులూ క్రూయిజ్ ఓడలూ కలిపి పదేళ్ళలో 60 బిలియన్ డాలర్లు పెడతామని 2023లోనే చెప్పారు.

ఫిట్టర్: మీరు చెప్పకపోతే వాళ్ళెలా అడుగుతారమ్మా? హోటల్లో మెనూలో లేనిది ఎవడైనా అడుగుతాడా?

టూర్స్ మేడం: మెనూలో ఉంది అంకుల్! బ్రోచర్లో ఫొటో కూడా ఉంది!

(నవ్వులు. దాదాపు పది సెకన్లు ఏమీ వినపడలేదు.)

ఆర్కిటెక్ట్: నేను మొదలుపెట్టింది పూర్తి చెయ్యనివ్వండి. పార్కు నడిబొడ్డున అంత పెద్ద స్థలం. ద్వీపాన్ని చీకటి పడకముందే మూసేసేవారు, అంటే సాయంత్రం రద్దీ వేళకి అది ఎవరికీ పనికిరాదు. ఆ లెక్క చూస్తే వాళ్ళ నిర్ణయం నాకు అర్థమవుతుంది. కానీ నీళ్ళు పోవడం వల్ల నష్టం ఉంది, అది ఈ లెక్కలోకి రాదు. నీళ్ళు ఉన్నచోట కంటికి దూరం దొరుకుతుంది. ఎదుటి గట్టున ఉన్న హాంటెడ్ మాన్షన్, అదే ఆ దయ్యాల బంగళా, ఆ నది వల్లే అంత గంభీరంగా...

యాంకర్: సార్, సూటిగా అడుగుతాను. జనాన్ని అడిగి చేశారా, అడక్కుండా చేశారా? ఎందుకంటే రేపు కైలాసగిరి మీద...

ఆర్కిటెక్ట్: అది ప్రైవేట్ కంపెనీ అండీ. 2024 ఆగస్టులో వాళ్ళ అభిమానుల సభలో ప్రకటించారు, అంతే. కైలాసగిరి వీఎంఆర్‌డీఏది, మన నగరాభివృద్ధి సంస్థది, అంటే ప్రజల ఆస్తి. రెంటినీ ఒక గాటన కట్టకూడదు.

యాంకర్: కట్టకూడదు అంటున్నారు. కానీ బొమ్మ రైలులో కూర్చున్న పిల్లాడికి ప్రైవేటా ప్రభుత్వమా తెలుస్తుందా?

ఆర్కిటెక్ట్: తెలియదు, కానీ రైలుకి ఏమైందని ఇప్పుడు?

ఫిట్టర్: నేను చెప్తాను, నేను చెప్తాను. కాలిఫోర్నియాలో ఏం చేశారు? అక్కడా ఇదే నది ఉంది, 1955 నుంచి. స్టార్ వార్స్ ఏరియా కట్టాలని 2016 జనవరిలో ఆపారు. ఏం చేశారు? నదిని కాస్త కుదించారు, ఒంపు మార్చారు, 2017లో మళ్ళీ నీళ్ళు పెట్టి పడవ నడిపారు. టోక్యోలో ఉంది, ప్యారిస్‌లో ఉంది. అంటే కుదురుతుంది! ఫ్లోరిడాలో మాత్రం కుదరదట. స్థలం లేదా అంటే, ఊళ్ళకి ఊళ్ళు పట్టేంత భూమి పెట్టుకు కూర్చున్నారు!

(నిజం చెప్పాలంటే చర్చ మొత్తంలో గట్టి పాయింటు ఇదే. దీనికి ఎవరూ జవాబివ్వలేదు, ఇచ్చే సందు కూడా దొరకలేదు.)

టూర్స్ మేడం: కొత్తగా కట్టేది కూడా ఊరికే కార్ల రోడ్డు కాదండీ. అడవి, కొండలు, గీజర్లు, నేషనల్ పార్కు లాగా చేస్తామన్నారు. అవతల డిస్నీ సినిమాల్లోని విలన్ల ఏరియా ఇంకొకటి.

ఫిట్టర్: నిజం చెట్లు కొట్టేసి ఉత్తుత్తి అడవా? బాగుంది.

ఎమ్మెస్ అమ్మాయి: ఏడవడానికి కూడా అక్కడ పెద్ద మార్కెట్ ఉందండీ. 2023 జనవరిలో స్ప్లాష్ మౌంటెన్ రైడ్ మూసినప్పుడు అందులో నీళ్ళు సీసాల్లో పట్టి ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టారు.

యాంకర్: నీళ్ళా?

ఎమ్మెస్ అమ్మాయి: ఆ మురికి నీళ్ళే. డబ్బాల్లో, ప్లాస్టిక్ కవర్లలో.

ఫిట్టర్: కాశీ నుంచి చెంబు తెచ్చుకున్నట్టా! ఓలమ్మా! మరి అంత ప్రేముంటే ముందు ఏంచేశారు?

టూర్స్ మేడం: అదే కదా నేననేది! మూసేస్తున్నారంటేనే అందరికీ ప్రేమ పుట్టుకొస్తుంది. ఆఖరి వారంలో పడవకి క్యూ. అంతకుముందు ఏడాది ఎక్కారా? మన దగ్గరా అంతే. వుడా పార్కులో స్కేటింగ్ రింక్ దగ్గర పెరిగాం, ముంత మసాలా తిన్నాం అని ఊరంతా పోస్టులు పెడుతుంది. ఈ ఆదివారం వెళ్ళారా ఎవరైనా?

యాంకర్: నేను వెళ్ళలేదు. కానీ తీసేస్తే మాత్రం ఊరుకోను.

ఫిట్టర్: మన ఊళ్ళో ఓడల గురించి ఎవరూ మాట్లాడరేం? 1948లో జల ఉష ఓడ నీళ్ళలోకి దిగింది ఈ ఊళ్ళోనే, నెహ్రూ వచ్చారు. సరే, అది పాత కథ. 2020 అక్టోబరులో వాయుగుండానికి తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కిందే బంగ్లాదేశ్ ఓడ, ఎంవీ మా. హోటల్ చేస్తామన్నారు. ఊరంతా సెల్ఫీలు దిగింది. ఏదీ హోటలు? నన్నడిగితే ఇంజన్ రూమ్ వరకైనా ఉంచి పిల్లలకి చూపించాల్సింది.

యాంకర్: సార్, టాపిక్...

ఫిట్టర్: ఇదే టాపిక్. కుర్సురా సబ్‌మెరైన్ ఉంది కదా బీచ్ రోడ్డులో. 2001లో రిటైర్ చేశారు, మరుసటి ఏడే ఇసుకలోకి లాగి మ్యూజియం చేశారు. ఎంత ఇనుము అది! తుక్కుకి అమ్మెయ్యొచ్చు కదా? అమ్మలేదు. ఇవాళ విశాఖ వచ్చినవాడు అది చూడకుండా వెళ్ళడు. ఆ పడవని కూడా అలగ ఒడ్డున పెట్టొచ్చు కదా?

ఆర్కిటెక్ట్: కుర్సురా యుద్ధంలో పనిచేసిన సబ్‌మెరైన్ అండీ. అది, వినోదం కోసం పట్టా మీద తిరిగే పడవ రెండూ...

ఫిట్టర్: మళ్ళీ పట్టా!

(ఇక్కడి నుంచి నాలుగు నిమిషాల పాటు ఫిట్టర్ గారే మాట్లాడారు: స్టీమ్ బాయిలర్ గురించి, షిప్‌యార్డు క్యాంటీన్ ఉప్మా గురించి, కొడుకు కారు తోలే స్పీడు గురించి. వదిలేస్తున్నాను. ఆర్కిటెక్ట్ రెండుసార్లు చెయ్యెత్తడం కనిపించింది.)

యాంకర్: టైమ్ అయిపోవచ్చింది. నలుగురికీ సమానంగా అవకాశం ఇచ్చామనే అనుకుంటున్నాను.

ఆర్కిటెక్ట్: నాకు నీళ్ళ గురించి ఒక్క మాట...

యాంకర్: బ్రేక్ తర్వాత సార్. బ్రేక్ లేదంటున్నారు. అమ్మా, చివరిగా ఒక్క మాటలో, బొమ్మ రైలు ఉండాలా, వద్దా?

ఎమ్మెస్ అమ్మాయి: ఉండాలండీ. కానీ అది...

యాంకర్: ఉండాలి! మేడం?

టూర్స్ మేడం: ఎవరు తీస్తున్నారండీ దాన్ని? అక్కడ అద్దాల వంతెన కడుతున్నారు, అది కూడా అదనంగా.

యాంకర్: అంటే ఉండాలి. అంకుల్?

ఫిట్టర్: పడవా ఉండాలి, రైలూ ఉండాలి. ముట్టుకుంటే ఊరుకోం!

యాంకర్: విన్నారు కదా, విశాఖ గొంతు. లైన్లో ఒక కాలర్ ఉన్నారు, గాజువాక నుంచి. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే అండీ. కింద స్క్రోలింగ్‌లో "కైలాసగిరి బొమ్మ రైలు తొలగింపుపై వేడెక్కిన చర్చ" అని వస్తోంది. మావి చిన్న పిల్లలండీ, పెద్దాడు అప్పట్నుంచీ ఏడుస్తున్నాడు. రైలు ఏ తారీకు వరకు నడుస్తుందండీ? శనివారం తీసుకొస్తే ఉంటుందా?

యాంకర్: అమ్మా, అది... ఉంటుంది. ప్రస్తుతానికైతే ఉంటుంది.

కాలర్: ప్రస్తుతానికా? అయితే రేపే బయల్దేరతామండీ.

(ఫోన్ కట్ అయింది. స్క్రోలింగ్ ఆగలేదు.)